నీటి సంఘం ముల్లుగర్ర

ఆ లోయ నీటి సంఘానికి అన్నీ ఉండేవి. నిబంధనల పుస్తకం ఉండేది, రబ్బరు స్టాంపు ఉండేది, తలుపు సరిగా పడని ఇనుప బీరువా ఉండేది, గోడ మీద నీలం రంగు పూసిన పెద్ద పటం ఉండేది. లేనిదల్లా చెప్పిన మాట వినే సభ్యుడొక్కడే.

చుట్టూ బోడి కొండలు, నడుమ పళ్ళెంలాంటి ఎడారి నేల. ఏరు లేదు, కాలువ లేదు. వాన ఎప్పుడో దారి తప్పినట్టు వచ్చి, పొరపాటు తెలుసుకున్నట్టు వెంటనే వెళ్ళిపోయేది. ఉన్న నీళ్ళన్నీ నేల అడుగునే, ఏ కాలంలోనో ఇంకినవి. ఎవరి పొలంలో బోరు వేసినా తగిలేది ఆ ఒక్క నీరే. ఒకడు ఎక్కువ తోడితే పక్కవాడి బోరులో మట్టం దిగిపోయేది. ఈ సంగతి అందరికీ తెలుసు. అందరూ దీన్ని ఎదుటివాడికి విడమరిచి చెప్పేవారు కూడా. చెప్పి, ఇంటికి పోయి మోటారు వేసుకునేవారు.

సంఘం ప్రతి బోరుకూ ఒక మీటరు బిగించి, ప్రతి రైతుకూ ఒక వాటా కట్టింది. వాటా దాటినవాడికి నోటీసు పంపేది. ఆ కాగితం దళసరిగా, నున్నగా ఉండేది. పొలానికి రొట్టెలు చుట్టుకుపోవడానికి అంతకంటే మంచి కాగితం బజారులో దొరకదని రైతులు మెచ్చుకునేవారు. పోనీ కోర్టుకు వెళ్దామంటే, సంఘం వకీలు రైతులు తోడిన దానికంటే ఎక్కువ నీళ్ళు నమిలేవాడు. ఇలాంటి సంఘానికి ఉన్నట్టుండి ఒక ఆయుధం దొరికింది. అది ఒక ఆడమనిషి నోరు.

ఆమెను చాటున అందరూ ముల్లుగర్ర అనేవారు, మొండికేసిన ఎద్దును వెనక నుంచి పొడిచే కర్రలాంటిదని. ఎదురుగా మాత్రం అక్కా అనో పిన్నీ అనో వరస కలిపేవారు. దగ్గర వరస కలిపితే తక్కువ పొడుస్తుందని వాళ్ళ ఆశ. ఆ ఆశ ఏనాడూ ఫలించలేదు.

తండ్రి బోర్లు వేసే మేస్త్రి. ఆయన పోయాక ఆమె పంపుల సామాను అమ్మే దుకాణంలో ఏళ్ళ తరబడి కౌంటరు దగ్గర కూర్చుంది. ఎవడి మోటారు ఎందుకు కాలిందో, ఎవడు పెళ్ళానికి చెప్పకుండా పెద్ద మోటారు కొన్నాడో, ఎవడు అరువు పెట్టి ఎదురుసందులోంచి తప్పించుకు తిరుగుతున్నాడో అక్కడ కూర్చునే తెలుసుకుంది. దుకాణం మూతపడ్డాక సంఘం ఆమెను మీటర్లు చదివే పనిలో పెట్టుకుంది. స్కూటరు మీద పొలాలన్నీ తిరగాలి. సంఘం అక్కడక్కడ తవ్వించిన పరిశీలన బావుల్లో మట్టం కొలవాలి. ఉక్కు టేపు చివర సుద్ద రాసి బావిలోకి దింపి, మళ్ళీ పైకి చుట్టి, సుద్ద ఎంతవరకు తడిసిందో చూస్తే నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో తెలిసేది. ఆ టేపు చుట్టి చుట్టి ఆమె కుడిభుజం కాస్త పైకి లేచింది. మొగుడు టైలరు. ఆమెకు బట్టలు కుట్టినప్పుడల్లా రెండు భుజాలకూ రెండు కొలతలు రాసుకునేవాడు, నోరెత్తకుండా.

సంఘం సభలో ఆమె మాట్లాడటం అనుకోకుండా జరిగింది. నెలాఖరు సభలో మీటర్ల అంకెలు చదివే కార్యదర్శికి ఓసారి గొంతు పూడుకుపోయింది. కాగితం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె నాలుగు అంకెలు బుద్ధిగా చదివింది. ఐదో అంకె ద్రాక్షతోట ఆసామిది. అది చూడగానే నోరు ఊరుకోలేదు.

"ఈయన ద్రాక్షకు నీళ్ళు పెట్టట్లేదు, ఈత నేర్పుతున్నాడు" అంది.

హాలు గొల్లుమంది. ద్రాక్షతోట ఆసామి ముఖం తన పంట రంగుకు తిరిగింది. ఏళ్ళ తరబడి నోటీసులు చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది. మరుసటి నెల ఆయన మీటరు వాటాలోకి దిగివచ్చింది. సంఘం పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. ఆ రోజు నుంచి అంకెలు చదవడం ఆమె వంతయింది.

నెలకొకరిని ఉతికి ఆరేసేది. పొదుపు గురించి ఊరందరికీ పాఠాలు చెప్పే రిటైరైన మాస్టారొకాయన ఇంటి ముందు పచ్చిక పెంచుతున్నాడు. "ఎడారిలో పచ్చిక పెంచాలంటే మాస్టారంత చదువు చదవాలి. మామూలు చదువైతే ఇక్కడ పెరగదని తెలిసిపోతుంది" అంది. వారం తిరక్కుండా మాస్టారు పచ్చిక పీకించేసి గులకరాళ్ళు పరిపించాడు. కోళ్ళఫారం ఆసామిని చూసి, "నీ కోళ్ళు బాతులయ్యాయేమో ఓసారి చూసుకో నాయనా" అంది. ఆయన కారే తొట్లన్నీ మార్పించాడు. అంతకుముందు పదిమంది కూడా రాని సభకు ఇప్పుడు కుర్చీలు చాలేవి కావు. తన వంతు రానంత వరకు ప్రతివాడికీ అది పండగలా ఉండేది. వచ్చిన నెలలో మాత్రం ఇంటికి పోయి అన్నం తినకుండా పడుకునేవారు. ఆమెకు వాళ్ళమీద జాలి ఉండేది కాదు. మాట పడ్డాక గానీ కదలని మనుషులంటే ఆమెకు చిన్నచూపు. కదిలాక ఆ చిన్నచూపు ఇంకాస్త పెరిగేది, ఈపాటి దానికి ఇన్నాళ్ళు పట్టిందా అని.

సంఘం అధ్యక్షుడిది మాత్రం వేరే వరస. ఆయన పశువులకు వేసే గడ్డి పండిస్తాడు. ఎండలో రోజంతా నీళ్ళు చిమ్మితే గానీ ఎదగని గడ్డి అది. కోసి, మోపులు కట్టి, లారీలకెత్తి దూరదేశాలకు పంపుతాడు. లోయలో అన్నిటికంటే లోతైన బోరు ఆయనదే. ఆమె ఆయననూ వదిలిపెట్టేది కాదు. "అధ్యక్షులవారి గడ్డి లారీ ఎక్కి ఊళ్ళు చూసొస్తోంది. మన నీళ్ళు తిరిగినన్ని ఊళ్ళు మనం తిరగలేదు" అనేది. ముందువరసలో కూర్చున్న అధ్యక్షుడు తొడలు చరుచుకుని అందరికంటే పెద్దగా నవ్వేవాడు. "భలే అన్నావు చెల్లెమ్మా, వెనకవాళ్ళకు వినపడలేదు, ఇంకోసారి అను" అనేవాడు. ఆయన పక్కన కూర్చునే బావమరిదీ, సీసాల్లో నీళ్ళు పట్టి అమ్మే కంపెనీ యజమానీ కూడా కడుపు పట్టుకుని నవ్వేవారు. మాటను సరదాగా తీసుకునే మనుషులు కదా అని ఆమె లోపల కాస్త మెచ్చుకునేది కూడా. మరుసటి నెల వాళ్ళ మీటర్లు ఎటు తిరిగాయో చదివేది, మళ్ళీ ఓ మాట వదిలేది, మళ్ళీ వాళ్ళు నవ్వేవారు.

అలా ఉండగా తమ్ముడి వంతు వచ్చింది.

తల్లి త్వరగా పోతే ఆ తమ్ముణ్ణి చంకన వేసుకుని పెంచింది ఆమే. తండ్రి వేసిన చివరి బోరు కింద దానిమ్మతోట పెట్టుకుని బతుకుతున్నాడు. అధ్యక్షుడి గడ్డిపొలానికీ ఆ తోటకూ మధ్య ఒక ముళ్ళకంచె మాత్రమే అడ్డం. మనిషి మితభాషి. పదిమంది ఉన్నచోట పేరడిగితే కూడా పక్కవాడి వంక చూస్తాడు. ఆ నెల అతని మీటరు వాటాకు రెట్టింపు దాటింది. కంచె పక్కనున్న పరిశీలన బావిలో మట్టం కూడా బాగా కిందికి పోయింది. ఆమెకు ఇంకేం కావాలి? పైగా, ముల్లుగర్ర అందరినీ పొడుస్తుంది గానీ అయినవాళ్ళ జోలికి పోదని అప్పటికే కొందరు గుసగుసలాడుతున్నారు. అందుకే అతని అంకెను కావాలని చివరికి ఉంచింది.

"ఇక మా తమ్ముడు" అని, హాలంతా సర్దుకుని కూర్చునేదాకా ఆగింది. "చిన్నప్పుడు గ్లాసుడు మంచినీళ్ళు తెమ్మంటే ఒలికిపోతాయని సగం గ్లాసే తెచ్చేవాడు. ఆ మిగిల్చిన సగాలన్నీ ఈ నెలలో ఒక్కసారే తోడేశాడు."

నవ్వులు సద్దుమణిగాక వెనక వరసలో తమ్ముడు లేచి నిలబడ్డాడు. అతను సభలో లేవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"నీళ్ళు రావట్లేదక్కా" అన్నాడు. "బోరు గాలి లాగుతోంది."

"మీటరు తిరిగిందా, లేదా?"

"తిరిగింది."

"నీళ్ళు రాకుండా మీటరు ఎందుకు తిరిగింది?"

"గాలికి."

ఆమె కాగితం దించి, హాలంతా ఓసారి కలయజూసింది. "మా తమ్ముడు పుట్టిన తర్వాత మొదటిసారి సభలో నోరు విప్పాడు. విప్పి చెప్పింది గాలి కబుర్లు" అంది.

కుర్చీలు ఊగిపోయాయి. అధ్యక్షుడు కళ్ళు తుడుచుకున్నాడు. తమ్ముడు మోకాళ్ళకు అడ్డం తగలకుండా ఒక్కొక్కరినీ తప్పించుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. కోపంగా కూడా వెళ్ళలేదు. ఆలస్యంగా వచ్చినవాడు ముందే లేచిపోతున్నట్టు, మొహమాటంగా వెళ్ళాడు.

ఇంటికి వచ్చి ఆమె మొగుడికి అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. టైలరు మిషను మీద వంగి ఉన్నాడు.

"అందరూ నవ్వారు. నువ్వే నవ్వట్లేదు" అంది.

"నోట్లో గుండుసూదులున్నాయి" అన్నాడు. ఒక్కొక్కటీ తీసి దిండుకు గుచ్చాక అన్నాడు, "వాడు అబద్ధం చెప్పగా నేనెప్పుడూ వినలేదు."

"వాడు నిజం చెప్పగా మాత్రం ఎవరు విన్నారు? అసలు మాట్లాడితే కదా."

"సరే. నువ్వు పొడిచాక ఎవరెవరు తగ్గించారో చూస్తున్నావు. తగ్గించనివాళ్ళెవరో ఎప్పుడైనా చూశావా?"

"కత్తెర పట్టుకున్నవాళ్ళు గుడ్డ సంగతి చూసుకుంటే చాలు" అని ఆమె వంటింట్లోకి పోయింది.

మరుసటి నెల తమ్ముడి మీటరు కదల్లేదు. ఒక్క అంకె కూడా మారలేదు. సభలో అధ్యక్షుడు స్వయంగా లేచి, సొంత తమ్ముణ్ణి కూడా దారిలో పెట్టిన మనిషని ఆమెను పొగిడాడు. చప్పట్లు కొట్టించాడు. ఆమె ఆ చప్పట్లు తీసుకుంది. తలవంచి మరీ తీసుకుంది.

ఆ తర్వాతి నెలా మీటరు కదల్లేదు. కానీ కంచె పక్క పరిశీలన బావిలో మట్టం ఇంకా దిగింది. ఆమె టేపు తప్పనుకుంది. సుద్ద మళ్ళీ రాసి మళ్ళీ దింపింది. అదే లోతు. తమ్ముడు చుక్క తోడటం లేదు. మరి నీళ్ళు ఎటు పోతున్నట్టు? తల ఎత్తింది. కంచె అవతల మిట్టమధ్యాహ్నం ఎండలో గొట్టాలు గుండ్రంగా తిరుగుతూ గడ్డి మీద నీళ్ళు చిమ్ముతున్నాయి. ప్రతి నెలా చూసిన దృశ్యమే. ప్రతి నెలా దాని మీద ఓ జోకు కట్టుకుని సభకు తీసుకుపోయింది. ఆ రోజు మాత్రం జోకు తట్టలేదు. స్కూటరును తోటవైపు తిప్పింది.

దానిమ్మ చెట్లు పసుపు తిరిగి ఉన్నాయి. కాయలు చెట్టునే ముడుచుకుపోయి, ముసలివాళ్ళ దవడల్లా తయారయ్యాయి. కింద రాలిన ఆకు కాలు పెడితే పొడైపోతోంది. ఇంటి ముందు మరదలు కందిపోయిన కాయల్ని ఏరి గోనెలో వేస్తోంది. ఆడపడుచును చూసి లేవలేదు.

"రా వదినా, కూర్చో. దాహంగా ఉందా? ఉండు, మీటరు పెట్టి ఇస్తాను" అంది.

ఆమె స్కూటరుకు స్టాండు వేసింది. "వాడేడీ?" అంది.

"తోటలో ఉన్నాడు. మోటారు ఆపేసి చెట్ల మధ్య కూర్చుంటున్నాడు. సొంత అక్క పెట్టిన పేరు కదా, నీళ్ళ దొంగని, అది నిలబెట్టుకోకూడదట."

తమ్ముడు ఒక చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. మోటారు వేయమంది. "వద్దక్కా, మీటరు తిరుగుతుంది" అన్నాడు. వెటకారంగా అనలేదు. నిజంగానే భయపడుతున్నట్టు అన్నాడు. ఆమే రేకుల కొట్టంలోకి వెళ్ళి, గొట్టం కింద బకెట్టు పెట్టి మీట నొక్కింది.

మోటారు మూలిగింది. గొట్టం దగ్గింది. గుప్పెడు బురదనీళ్ళు కక్కింది. ఆ తర్వాత బుస్సుమంటూ గాలి. మళ్ళీ ఓ తుంపర, మళ్ళీ గాలి. ఆ గాలికి మీటరులోని ఎర్రముల్లు గిరగిరా తిరుగుతోంది, అంకెలు ఒకదాని వెనక ఒకటి దొర్లిపోతున్నాయి. బకెట్టు అడుగు సరిగ్గా తడవను కూడా లేదు. మీటరు మాత్రం పెద్ద తొట్టి నిండేన్ని నీళ్ళు వచ్చాయంటోంది. కంచె అవతలి లోతు బోరు మట్టాన్ని కిందికి లాగేస్తే, తండ్రి వేసిన ఈ బోరులో మోటారు నీటికి పైన వేలాడుతూ గాలి పీలుస్తోంది.

ఆ మీటర్లు గాలికి కూడా తిరుగుతాయని ఆమెకు తెలియక కాదు. దుకాణంలో అలాంటివి కొన్ని వందలు అమ్మి ఉంటుంది, గాలి చేరకుండా చూసుకోమని కొన్నవాళ్ళకు చెప్పి పంపేది కూడా. ఆ రోజు సభలో ఆ తెలిసిన సంగతి నోటిదాకా రాలేదు. దానికంటే ముందు జోకు వచ్చేసింది.

మోటారు ఆపి బయటికి వచ్చింది. క్షమించమని అడగాలనుకుంది. అలవాటు లేని మాట కావడంతో నోట్లోంచి తిట్టే వచ్చింది. "ముందే ఇంటికొచ్చి నాతో చెప్పడానికేం? నోరు లేదా?"

"సభలో చెప్పాను."

"గట్టిగా చెప్పాలి."

"అంతమంది నవ్వుతుంటే ఎంత గట్టిగా చెప్పాలక్కా?"

"మరి ఉన్న మోటారు ఆపడమెందుకు? వచ్చే నాలుగు చుక్కలైనా చెట్లకు పోయేవి కదా."

"ఇంకోసారి ఆ హాల్లో కూర్చోలేను" అన్నాడు తమ్ముడు. "చెట్లంటావా, మళ్ళీ పెట్టుకోవచ్చు."

తిరిగి వస్తూ ఆమె ఒక్కొక్కరినీ తలచుకుంది. ద్రాక్షతోట ఆసామి తగ్గించాడు. మాస్టారు పచ్చిక పీకేశాడు. కోళ్ళఫారం ఆయన తగ్గించాడు. తమ్ముడు ఏకంగా మానేశాడు. అధ్యక్షుడు పెంచాడు, ఆయన బావమరిది పెంచాడు, సీసాల కంపెనీ రెండో బోరు వేసింది. పొడిస్తే గుచ్చుకున్నది సిగ్గున్నవాళ్ళకే. వాళ్ళు సిగ్గుపడి మిగిల్చిన నీళ్ళను సిగ్గులేనివాళ్ళు హాయిగా తోడుకున్నారు. ఇన్నేళ్ళుగా తను లోయ నీళ్ళను కాపాడుతున్నాననుకుంది. నిజానికి ముందువరసలోని నలుగురికి నీళ్ళు పోగేసిపెట్టే జీతగత్తెగా పనిచేసింది. వాళ్ళు నవ్వరా మరి? ఆ నవ్వులో తన గొప్పదనం ఉందనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఆ రోత ఆమెకు కొత్త. అంతవరకు అది ఎప్పుడూ ఇతరుల మీదే ఉండేది.

తర్వాతి సభలో జరిగింది జరిగినట్టు చెప్పింది. "నా తమ్ముడు గాలి తోడాడు. మీటరు గాలికి లెక్క కట్టింది. నేను ఆ లెక్కకు వంత పాడాను. తప్పు నాది" అంది. జనం చివర్లో వచ్చే చమత్కారం కోసం ఎదురుచూశారు. అది రాకపోయేసరికి, వచ్చిందేమో మనకే అర్థం కాలేదేమోనని ముందుజాగ్రత్తగా నవ్వారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అధ్యక్షుడి వైపు తిరిగి తన దగ్గరున్న మాటలన్నీ వాడింది. "మీరు నవ్వినంతసేపూ మీ మోటారు తిరుగుతోంది. రెండూ ఒకే మీట మీద నడుస్తాయేమో, ముందు మీ నోరు కట్టేసి చూడాలి" అంది. ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు. నవ్వి నవ్వి పొలమారాక, "చెల్లెమ్మా, నువ్విక్కడ ఉండాల్సినదానివి కాదు, నిన్ను రేడియోలో పెట్టాలి" అన్నాడు.

ఆమె ఆ రోజుతో చమత్కారం మానేసింది.

మరుసటి సభలో రైళ్ళ వేళలు చదివినట్టు చదివింది. బోరు, అంకె, మట్టం. బోరు, అంకె, మట్టం. మధ్యలో గాలి మీటరులోకి ఎలా చేరుతుందో, టేపుకు సుద్ద ఎందుకు రాస్తారో, పక్క బోరు లోతైతే ఈ బోరు ఎందుకు ఎండుతుందో గొంతు ఎత్తకుండా, దించకుండా, తొందరపడకుండా వివరించింది. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారు జనం. ఒకాయన దగ్గు బిళ్ళ అందించాడు. ఆ తర్వాతి నెల ముందువరస టీ దాకా ఉండి, టీ తాగి లేచిపోయింది. ఇంకొన్ని నెలలకు ముందువరసే లేదు. లారీల పని ఉందని, చిల్లర తీర్మానాలేవైనా ఉంటే ఉపాధ్యక్షుడి సంతకంతో కానిచ్చేయమని అధ్యక్షుడు కబురు పంపాడు. ఉపాధ్యక్షుడు ఎవరో కాదు, ద్రాక్షతోట ఆసామి.

ఆమె ఇదంతా ఎత్తు వేసి చేయలేదు. చమత్కారం మీద మనసు విరిగి అలా చదివింది, అంతే. ఖాళీ కుర్చీల అర్థం ముందు కనిపెట్టింది మాస్టారు. అంకెలు అయిపోగానే లేచి, కళ్ళజోడు సవరించుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, పచ్చిక విషయంలో నువ్వన్న మాట నేను మర్చిపోలేదు. మర్చిపోయే ఉద్దేశం కూడా లేదు. అది తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. "ముందు ఈ హాల్లో ఎవరున్నారో చూడు."

చూసింది. తను ఎప్పుడో ఒకప్పుడు ఏడిపించినవాళ్ళందరూ ఉన్నారు. తగ్గించినవాళ్ళు, తగ్గించీ ఎండిపోయినవాళ్ళు. సరదా కోసం రానివాళ్ళు, సభకు రాకపోతే బాగుండదని వచ్చేవాళ్ళు.

"ఏం చేద్దామంటారు మాస్టారూ?"

"మాటలతో కానిది మీటతో చేద్దాం. రాసుకో."

ఆ తీర్మానం మాస్టారు చెప్పగా ఆమె రాసింది. ప్రతి పరిశీలన బావికీ ఒక హద్దు గీత ఉంటుంది. మట్టం ఆ గీత దాటి దిగితే, ఆ చుట్టుపక్కల బోర్లన్నిటికీ కరెంటు ఆగిపోతుంది, పెద్దవాటికి ముందు, చిన్నవాటికి ఆఖరున. మట్టం తేరుకున్నాకే మళ్ళీ ఇస్తారు. మీట ఎవరి పొలంలోనూ ఉండదు, కరెంటు ఆఫీసులో ఉంటుంది. వాక్యాలు చాంతాడంత పొడుగ్గా వచ్చాయి. మాస్టారికి చిన్న వాక్యం రాయడం చేతకాదు. చేతులు లేచాయి. ద్రాక్షతోట ఆసామి సంతకం పెట్టాడు. పెడుతూ ఆమె వంక చూసి, "ఈత బాగా వచ్చింది మాకు" అన్నాడు. ఆమె ఆ మాట పడింది.

కరెంటు ఆఫీసు ఇంజనీరు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. ఆ మోటార్ల బరువుకు అతని ట్రాన్స్‌ఫార్మర్లు నెలకొకటి పేలుతున్నాయి. కొన్నాళ్ళకు ఒక ఉదయం గడ్డిపొలంలో నీళ్ళు చిమ్మే గొట్టాలు తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయాయి. అధ్యక్షుడు సంఘం ఆఫీసుకు వచ్చాడు. ముఖంలో నవ్వు లేదు. నవ్వు లేకపోతే ఆ ముఖంలో చూడటానికేమీ లేదని ఆమెకు అప్పుడే తెలిసింది.

"ఇంత పని చేస్తూ నాకొక్క మాటైనా చెప్పకూడదా?"

"సభలో చదివాం. మీరు రాలేదు."

"అంత విసుగు పుట్టేట్టు చదివితే ఎవడొస్తాడు?"

ఇన్నేళ్ళలో ఆయన నోట విన్న నిజమైన ఫిర్యాదు అదొక్కటే. నాలుక మీదికి ఓ మాట వచ్చింది. బాగా పదునైనది. మింగేసి, తీర్మానం నకలు చేతికిచ్చింది. ఆయన కోర్టుకు వెళ్ళాడు. అదృష్టవశాత్తూ సంఘానికి ఉన్నటువంటి వకీలే ఆయనకూ దొరికాడు, ఆ వ్యవహారం ఇంకా సాగుతూనే ఉంది. డీజిలు ఇంజను తెప్పించి కొన్నాళ్ళు నీళ్ళు తోడించాడు. దాని మోత లోయంతా మోగేది. పసిపిల్లలు కూడా అది ఎవరి ఇంజనో చెప్పేవారు. చివరికి డీజిలు ఖర్చు గడ్డి రాబడిని మింగేయడం మొదలుపెట్టాక సగం పొలం బీడు పెట్టాడు. సిగ్గుతో కాదు. సిగ్గు ఆయనకు చివరిదాకా అంటలేదు.

నీళ్ళు ఉప్పొంగి పైకేమీ రాలేదు. పోయిన నీళ్ళు పోయాయి. కంచె పక్క బావిలో మట్టం దిగడం నిలిచి, జానెడో మూరెడో పైకి వచ్చింది. తమ్ముడు మోటారును ఇంకాస్త లోతుకు దింపి, బతికిన చెట్లను ఉంచుకుని, మిగతావి నరికేశాడు. అక్కతో మాత్రం మాట్లాడలేదు. ఆమె తోటకు వెళ్తే పలుగు భుజాన వేసుకుని అవతలి గట్టుకు పోయేవాడు.

"నీ గురించి అడుగుతూనే ఉంటాడులే వదినా" అనేది మరదలు టీ ఇస్తూ. "ఇంకా అలాగే ఉందా, ఏమైనా మారిందా అని."

"నువ్వేం చెప్తావు?"

"ఇంకా చూస్తున్నానని చెప్తాను."

ఒక సాయంత్రం ఆమె మొగుడి కొట్లో కూర్చుని గుండీలు కుడుతుంటే తమ్ముడు లోపలికి వచ్చాడు, కుట్టమని ఇచ్చిన పాంటు కోసం. ఆమె ఉంటుందనుకోలేదు. గుమ్మంలో ఆగిపోయాడు. వెనక్కు పోతే బావ ఏమనుకుంటాడోనని లోపలికే వచ్చాడు. టైలరు పాంటు కాగితంలో చుడుతూ కావాలనే ఆలస్యం చేశాడు.

"మట్టం ఎంతుంది?" అన్నాడు తమ్ముడు, బల్ల మీది కత్తెర వంక చూస్తూ.

"నూట నలభై అడుగుల చిల్లర. పోయిన నెలా అంతే."

అతను ఆగాడు. వెనక నుంచి ఏదో మాట వస్తుందని, రానిచ్చి వెళ్దామని నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఏమీ రాలేదు.

"అంతేనా?"

"అంతే."

"ఒంట్లో బాగానే ఉందా నీకు?" అన్నాడు. అని, జవాబు కోసం ఆగకుండా పొట్లం తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె గుండీ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. టైలరు మిషను మీద గుడ్డ సర్దుకుంటూ, "పాంటు రెండు వేళ్ళు పొట్టిగా కుట్టాను. మళ్ళీ రావాలి కదా" అన్నాడు.

"ఇన్నేళ్ళుగా కుడుతున్నావు, సొంత బావమరిది కాలు కొలత కూడా తెలియని టైలరువి లోకంలో నువ్వొక్కడివే" అంది ఆమె. కళ్ళు తుడుచుకోవడానికి చేతిలోని గుండీ కింద పెట్టాల్సి వచ్చింది.